చూరు వంక చూసిన కామేశ్వరక్కయ్య

మా తోడికోడలు డాక్టర్ కామేశ్వరి గారు గత నెలలో ఒక ఉదయం, ఫార్మింగ్టన్ హిల్స్‌లోని తమ ఇంటి వంటగదిలో హఠాత్తుగా కన్నుమూశారు. ఈ ఒక్క వాక్యం మర్యాదగా రాయడానికి నా చేత చాలా కాగితాలు చింపించారు ఆవిడ. బతికుండగానూ అంతే. మన తెలుగు సంఘం పత్రికకు నేను ఏం రాసినా ముందు ఆవిడకు చదివి వినిపించేదాన్ని. "విశేషణాలు తగ్గించు సుభద్రా. బరువెక్కువైతే కప్పు కుంగుతుంది" అనేవారు. ఇవాళ వినిపించడానికి ఆవిడ లేరు. విశేషణాలు ఎక్కువైతే పాఠకులే మన్నించాలి.

ఆ వార్త నాకు ఫోన్‌లో వచ్చింది. నేను బెండకాయలు తరుగుతున్నాను. "సుభద్రా, మీ అక్కయ్య పలకడం లేదమ్మా" అన్నారు బావగారు. ఏం చెబుతున్నారో నాకు అర్థం కాలేదు. "పెరట్లో పనివాళ్ళ దగ్గర ఉన్నారేమో, కేకేయండి" అన్నాను. ఆయన వెనక ఎవరో ఇంగ్లీషులో గట్టిగా మాట్లాడుతున్నారు, అంబులెన్స్ సైరన్ వినబడుతోంది. అప్పుడు చేతిలోంచి కత్తి జారింది. మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య ఉన్నది రెండు వీధులే. ఆ రెండు వీధులూ ఎలా దాటానో ఇప్పటికీ గుర్తు రాదు.

జరిగింది ఇది. ఆ రోజు వాళ్ళింటి కప్పు విప్పుతున్నారు. పాతబడిన షింగిల్స్, అంటే కప్పు పలకలు, అన్నీ పారలతో పెకలించి కిందకు తోసేస్తున్నారు. అక్కయ్య ఆఫీసుకు సెలవు పెట్టి, చీర మీద బావగారి పాత కోటు తొడుక్కుని, పెరట్లో నిలబడి పని చూస్తున్నారు. కాసేపటికి లోపలికి వచ్చి కుర్చీలో కూర్చుని, "కాసిని మంచినీళ్ళు ఇస్తారా" అన్నారట. బావగారు గ్లాసు పట్టుకుని తిరిగేసరికి తల బల్ల మీద వాలిపోయి ఉంది. పనివాళ్ళ మేస్త్రీ, రే అనే పెద్దమనిషి, నిచ్చెన దిగి పరుగెత్తుకొచ్చాడు. అంబులెన్స్ వచ్చేదాకా ఆవిడ గుండె మీద నొక్కుతూనే ఉన్నాడు. ఫలితం లేకపోయింది.

ఆవిడ గుండెకు జబ్బు ఉందని మాకెవరికీ తెలియదు. వేసవి నుంచి మెట్లెక్కితే ఆయాసం వస్తోందని కూతురితో ఒకసారి అన్నారట, అదీ నవ్వుతూ. ఊరందరి ఇళ్ళకూ ఎప్పుడు ఏం చేయించాలో చెప్పిన మనిషి తన ఒంటిని ఒక డాక్టరుకు చూపించుకోలేదు. నాకు దుఃఖంతో పాటు కోపం కూడా ఉంది. దాన్ని దాచుకోను.

ఆవిడను ఎరగనివారి కోసం నాలుగు మాటలు చెప్పాలి. అక్కయ్యది తెనాలి ప్రాంతం. రసాయన శాస్త్రంలో డాక్టరేటు. పెళ్ళయి బావగారితో ఈ దేశం వచ్చాక, షింగిల్స్ తయారుచేసే ఒక సంస్థ పరీక్షాశాలలో చేరి, చివరిదాకా అక్కడే పనిచేశారు. మొదట్లో ఏ పేరంటానికి వెళ్ళినా, "డాక్టరటగా, మా పిల్లాడికి దగ్గు తగ్గట్లేదండీ" అని ఎవరో ఒకరు పట్టుకునేవారు. "నేను మనుషుల డాక్టర్ని కాదమ్మా, ఇళ్ళ డాక్టర్ని. మీ పిల్లాడి నెత్తి మీద కప్పు దగ్గితే నాకు చెప్పండి" అనేవారు. అలా కప్పుల డాక్టరమ్మ అన్న పేరు స్థిరపడిపోయింది. పేరు పెట్టినవారు వేళాకోళానికే పెట్టారు. ఆవిడ మాత్రం దాన్ని బిరుదులా స్వీకరించారు.

మన డాబా ఇళ్ళలో పుట్టి పెరిగినవాళ్ళకు ఇక్కడి కప్పు ఒక పట్టాన అర్థం కాదు. ఏటవాలుగా చెక్కలు పరుస్తారు. చెక్కల మీద తారు కాగితం పరుస్తారు. ఆ పైన షింగిల్స్ అనే పలకలను చూరు నుంచి మొదలుపెట్టి, ఒక వరస మీదకు ఇంకో వరస వచ్చేలా మేకులతో బిగిస్తూ పైకి పోతారు. పలక అంటే తారు పట్టించిన అట్టే. ఎండ ఆ తారును నేరుగా తినెయ్యకుండా పైన రాతి రవ్వ అద్దుతారు. రవ్వ నిలిచినంత కాలమే పలకకు ఆయుష్షు. ఆ ఆయుష్షు ఎంతో తేల్చడమే అక్కయ్య ఉద్యోగం. పెద్ద పెద్ద దీపాల కింద పలకలను కాల్చడం, నీళ్ళు కొట్టడం, గడ్డకట్టించడం, మళ్ళీ కాల్చడం. సాయంత్రం ఇంటికి వస్తే జడలో మల్లెపూల వాసన బదులు తారు వాసన వచ్చేది. మల్లెపూలు ఇక్కడ ఎలాగూ దొరకవు కాబట్టి బావగారు ఫిర్యాదు చేసిన పాపాన పోలేదు.

డెబ్బైల చివర నేను కాపురానికి వచ్చినప్పుడు, సొంతిల్లు కొనుక్కునేదాకా నేనూ మావారూ వాళ్ళింట్లోనే ఉన్నాం. తోడికోడళ్ళు ఒక కప్పు కింద ఇమడరని మా అమ్మ భయపడింది. అమ్మ భయం పూర్తిగా అబద్ధం కాదు. ఆవిడ ఉప్పు తక్కువ వేసేవారు, నేను ఎక్కువ వేసేదాన్ని. ఆవిడ పొద్దున్నే లేచి కిటికీలన్నీ తెరిచేవారు, నేను చలికి దుప్పటి ముసుగు తీసేదాన్ని కాదు. అయినా ఈ దేశంలో నాకు మొదట దొరికిన మనిషి ఆవిడే. డ్రైవింగ్ నేర్పిందీ ఆవిడే, మంచులో పడకుండా నడవడం నేర్పిందీ ఆవిడే. తెలుగు ఎం.ఏ. చదివి ఇక్కడ ఏం చేస్తానని నేను ఏడుస్తుంటే, "పిల్లలకి తెలుగు చెప్పు. మా మాధవితో మొదలుపెట్టు" అని ఆదివారం బడికి ముగ్గు వేసిందీ ఆవిడే. ఈ నాలుగు వాక్యాలు రాయగలిగే ధైర్యం కూడా ఆ బడి నుంచి వచ్చిందే.

ఆవిడ ప్రదక్షిణ సంగతి ఈ ఊరి తెలుగువాళ్ళందరికీ తెలుసు. ఎవరింటికి వెళ్ళినా, అది సత్యనారాయణ వ్రతమైనా, పుట్టినరోజైనా, గుమ్మం తొక్కే ముందు ఇల్లు చుట్టూ ఒకసారి తిరిగొచ్చేవారు. పట్టుచీర, కాళ్ళకు మంచు బూట్లు, మెడలో బావగారి దుర్భిణి. చూరు నీళ్ళు దింపే గట్టర్ గొట్టం కింద వంగి అక్కడ చేరిన రవ్వను చేతిలోకి తీసుకుని, ఉప్మాకు రవ్వ చూసినట్టు వేళ్ళ మధ్య నలిపేవారు. కొత్త కప్పు మొదటి వానలకు కాస్త రవ్వ రాల్చడం మామూలే, పాత కప్పు దోసిళ్ళకొద్దీ రాలిస్తేనే మనం మేలుకోవాలి అనేవారు. ఆవిడ ఇంటి వెనకనుంచి వస్తున్నారంటే గృహస్థు గుండె దడదడలాడేది.

ఒకసారి వెంకటరత్నం గారింట్లో గృహప్రవేశం. ఆయన కారు ఇంజన్లు రూపొందించే పెద్ద ఇంజనీరు. ఎంతో ముచ్చటపడి కొన్న ఇల్లు. అక్కయ్య ప్రదక్షిణ ముగించి మౌనంగా వచ్చి కూర్చున్నారు.

"ఏమిటండీ కామేశ్వరి గారూ, ఏం మాట్లాడరు? రూఫ్ ఎలా ఉంది?" అన్నాడాయన, నవ్వుదామా వద్దా అన్నట్టు.

"ముందు పాలు పొంగనివ్వండి" అన్నారు అక్కయ్య.

"అంటే బాగా లేదన్నమాట!"

"పాలు పొంగాక చెబుతానన్నాను కదండీ. ఇవాళ మీ ఆవిడ ముఖం చూడండి, ఎంత సంతోషంగా ఉందో. కప్పు రేపటికి ఎక్కడికీ పోదు."

పాలు పొంగాయి, భోజనాలు అయ్యాయి. అందరూ వెళ్ళాక ఆయన్ని పక్కకు పిలిచి చెప్పారు. దక్షిణపు వాలులో పలకల అంచులు పైకి ముడుచుకున్నాయి, పొగగొట్టం చుట్టూ రేకు లేచింది, ఈ చలికాలంలోగా ఆ రేకు వరకైనా సరిచేయించండి, మిగతా కప్పు ఇంకా కొన్నేళ్ళు ఆగుతుంది, తొందర లేదు. దుర్వార్తను కూడా వేళ చూసి చెప్పడం ఆవిడ దగ్గర నేర్చుకోవాలి. నేనైతే గుమ్మంలోనే కక్కేసేదాన్ని.

ఇంకో సంగతి రాయకపోతే ఈ వ్యాసం అసంపూర్ణం. మా స్నేహితురాలు రాజ్యలక్ష్మి వాళ్ళ అమ్మగారు బందరు నుంచి చుట్టపుచూపుగా వచ్చారు. ఆగస్టు ఎండ చూసి ఆవిడకు ప్రాణం లేచొచ్చింది. కూతురు ఉద్యోగానికి వెళ్ళిన సమయం చూసి, గుమ్మడి వడియాల పిండి కలిపి, మేడమీద గది కిటికీలోంచి గరాజు కప్పు మీదకు దిగి, పాత చీర పరిచి చక్కగా వడియాలు పెట్టేశారు. డాబా అంటే డాబాయే ఆవిడకు. ఇక్కడి ఎండకు తారు మెత్తబడుతుంది. ఆవిడ పాదాల అచ్చులు షింగిల్స్ మీద లక్ష్మీపాదాల్లా పడ్డాయి, రవ్వ కాస్తా చీరకూ వడియాలకూ అంటుకుంది. రాజ్యం ఏడుపు గొంతుతో ఫోన్ చేస్తే అక్కయ్య, నేను వెళ్ళాం.

"నువ్వు కాసేపు ఆగు రాజ్యం" అని అక్కయ్య ఆ పెద్దావిడ పక్కన కూర్చున్నారు. "పిన్నిగారూ, మన డాబా రాయీ సున్నమూ అండి. ఏం చేసినా ఓర్చుకుంటుంది. ఇది అట్ట. ఎండలో తొక్కితే పైనున్న రవ్వ ఊడొస్తుంది, చలిలో తొక్కితే విరుగుతుంది. అందుకని ఈ ఊళ్ళో కప్పు మీదకి ఎవరూ పోరండి. కింద నిలబడే చూస్తాం."

"మరి వడియాలు ఎక్కడ పెట్టుకోవాలే తల్లీ?" అన్నారు పెద్దావిడ. నిజంగా తెలుసుకుందామనే అడిగారు.

అక్కయ్య లేచి వెళ్ళి రాజ్యం కారు వెనక డిక్కీ మీద తుండుగుడ్డ పరిచారు. "ఇదిగో, ఇక్కడండి. ఈ ఊరివాళ్ళంతా కార్లు చేసి బతికేవాళ్ళే, ఏమీ అనుకోరు." ఆ వేసవంతా రాజ్యం వాళ్ళ కారు వడియాలతోనే ఉంది. కప్పు మీది మొదటి వాయి వడియాలు వేయిస్తే పంటి కింద రాయి తగిలింది. అక్కయ్య అవి కూడా బాగున్నాయని తిన్నారు. పెద్దావిడ ఎదురుగా కూర్చుని ఉన్నారు మరి.

పేరంటాలకు వచ్చిన ఆడవాళ్ళను టీ అయ్యాక పెరట్లోకి నడిపించుకుపోవడం ఆవిడ అలవాటు. ముందు విసుక్కున్నవాళ్ళే తరవాత అడిగి మరీ వచ్చారు. "మగవాళ్ళకి చెబితే నిచ్చెనెక్కుతారు. ఎక్కి పాడుచేస్తారు. మీరు కిందనుంచి చూడండి, చాలు" అనేవారు. ఏ వాలుకు ఎండ ఎక్కువో చూడాలి, అది ముందు ముసలిదవుతుంది. పలకలు ముడుచుకున్నాయా, గాలికి ఎక్కడైనా ఊడాయా, రవ్వ పోయి నల్లటి తారు బట్టతలలా బయటపడిందా చూడాలి. వానపడ్డ మర్నాడు టార్చిలైటు తీసుకుని కప్పు కిందున్న అటకలోకి వెళ్ళి చెక్కలు తడిమి చూడాలి. "లోపల సీలింగ్ మీద మచ్చ కనబడితే దాని నెత్తినే కన్నం వెతక్కండమ్మా. నీళ్ళు ఎక్కడో దిగి, దూలం పట్టుకుని నడిచొచ్చి, మనకి కనబడే చోట చుక్కవుతాయి." ఈ మాట ఆవిడ ఎన్నిసార్లు చెప్పారో, మేమెన్నిసార్లు విన్నామో. కాపురాల సంగతిలో కూడా ఇదే వర్తిస్తుందని రాజ్యం అంటే, "ఏమో, నాకు తారు సంగతే తెలుసు" అన్నారు. కాపురాల సంగతి ఎవరు చెప్పుకున్నా ఆవిడ విని ఊరుకునేవారు. బయటకు ఒక్క మాట పొక్కేది కాదు.

భయపెట్టడం కన్నా భయం తీర్చడమే ఆవిడకు ఇష్టం. ఒక వడగళ్ళ వాన తరవాత ఎవరో సేల్స్‌మన్ మా తలుపు తట్టి, ఉత్తరపు వాలు అంతా పచ్చగా పాడైపోయిందని, వెంటనే మొత్తం మార్చకపోతే ఇల్లు తడిసిపోతుందని బెదిరించాడు. నేను కంగారుగా అక్కయ్యకు ఫోన్ చేశాను. ఆవిడ వచ్చి, చూసి, నవ్వారు. "అది పాచి. మీ చెట్టు నీడకి పట్టింది. రంగు మారడం వేరు, చెడిపోవడం వేరు సుభద్రా. నీకు నెరిసిన వెంట్రుక వస్తే నిన్ను మార్చేస్తామా?" ఆ సేల్స్‌మన్‌ను కూడా కూర్చోబెట్టి కాఫీ ఇప్పించి, వడగళ్ళ దెబ్బ ఎలా ఉంటుందో తీరిగ్గా వివరించారు. అతను మళ్ళీ మా వీధిలోకి రాలేదు.

ఆ చెట్టు మా ఇద్దరికీ తీరని తగువు. మా పెరట్లో మేపుల్ చెట్టు కొమ్మ ఒకటి గాలి వీచినప్పుడల్లా కప్పును రాసుకుంటుంది. దాన్ని కొట్టించమని ఆవిడ. శరదృతువులో ఆ కొమ్మ ఎర్రబడితేనే నాకు ఈ దేశం మీద కోపం తగ్గుతుందని నేను. వచ్చినప్పుడల్లా కారు దిగుతూనే చూరు వంక చూసి, కొమ్మ వంక చూసి, నాలుక చప్పరించేవారు. "రవ్వ గీక్కుపోతోంది." "పోనివ్వండి." "చెక్క నానుతుంది." "నాననివ్వండి." ఒక శీతాకాలమంతా ఈ విషయం మీదే మేం ముభావంగా ఉన్నాం. నేను కొట్టించలేదు. ఆ విషయంలో ఇప్పటికీ నాదే న్యాయమని నా నమ్మకం.

ఆవిడ సొంత కప్పు సంగతికి వస్తాను. ఊరందరికీ చెప్పే మనిషి తన ఇంటి కప్పు మార్చుకోదేమిటని వెనక కొందరు అనుకునేవారు. నాకు కారణం తెలుసు. ఆవిడకు ఆ కప్పు రెండో పరీక్షాశాల. ప్రయోగశాలలో దీపాలు చెప్పేది ఒకటి, నిజమైన ఎండావానా చెప్పేది ఇంకొకటి అనేవారు. ఏటా మంచు కరిగాక, మళ్ళీ ఆకు రాలాక, పెరట్లో ఒకే చోట నిలబడి దుర్భిణితో చూసుకునేవారు. ఈ వేసవిలో ఒకనాడు మామూలుగా అన్నారు: "దీని పని అయిపోయింది సుభద్రా. ఇంకో శీతాకాలం దాటదు."

పాత పలకల మీదే కొత్తవి వేయిస్తే సరిపోతుంది కదా, అందరూ అదే చేస్తున్నారు కదా అని బావగారు అన్నారు. ఆవిడ ఒప్పుకోలేదు. "పాతదాని మీద కొత్తది వేస్తే పాతది కనబడదు, అంతేనండి. అడుగున చెక్క పుచ్చితే ఎవరు చూస్తారు?" మొత్తం విప్పించాల్సిందే అన్నారు. రే వచ్చే ముందు రోజు ఆయాసపడుతూనే అటకలోకి వెళ్ళారని ఇప్పుడు బావగారు చెబుతున్నారు. అక్కడ వంగి కూర్చుని, సుద్దముక్కతో పుచ్చిన చెక్కల మీద అడ్డంగా గీత కొట్టి, మంచి చెక్కల మీద చిన్న చుక్క పెట్టి వచ్చారట. పనివాళ్ళు తొందరలో పుచ్చినవి వదిలేస్తారేమోనని ఆవిడ అనుమానం.

ఆ పని సగంలో ఉండగా ఆవిడ పోయారు. రే, అతని మనుషులు విప్పినంత మేర తారు కాగితం పరిచి ఆ సాయంత్రం వెళ్ళిపోయారు. మర్నాడు పొద్దున్నే మళ్ళీ వచ్చి, లోపలికి రాకుండా వాకిట్లో నిలబడ్డారు. టోపీలు చేతిలో ఉన్నాయి. ఇంటినిండా మన జనం. అక్కయ్య పార్థివ దేహం ఫ్యూనరల్ హోమ్‌లో ఉంది. హాల్లో ఆవిడ పటం ముందు దీపం వెలుగుతోంది. బావగారు ముందురోజు నుంచి ఒక్క మాట మాట్లాడలేదు. కూతురు మాధవి ఆన్ ఆర్బర్ కాలేజీ నుంచి వచ్చి ఆయన పక్కనే కూర్చుని ఉంది.

రే నన్ను పిలిచి సంగతి చెప్పాడు. వెళ్ళిపొమ్మంటే వెళ్ళిపోతాం, కానీ రేపో ఎల్లుండో పెద్ద వాన ఉందంటున్నారు, గాలి కూడా. తారు కాగితం గాలికి ఆగదు, పైన టార్ప్ పట్టా కప్పినా నమ్మకం లేదు. పుచ్చిన చెక్కలు తీసిన చోట ఇంకా ఖాళీలున్నాయి. ఇవాళా రేపూ కొడితే పూర్తవుతుంది. ఏం చేయమంటారు?

నేను లోపలికి వచ్చి తెలుగులో చెప్పాను. శాస్త్రిగారు తలెత్తారు. ఆయన వారమంతా కార్లకు బ్రేకులు రూపొందిస్తారు, శనాదివారాలు మనకు పౌరోహిత్యం చేస్తారు. మంచి మనిషి.

"మైలలో ఇంటికి మేకు దింపకూడదంటారమ్మా" అన్నారాయన. "కర్మ అయ్యేదాకా ఆగమనండి. మా నాన్నగారు చాలా పట్టింపుగా చెప్పేవారు."

"మీ నాన్నగారు చెప్పినప్పుడు వాళ్ళ నెత్తిన కప్పు ఉందిగా శాస్త్రిగారూ" అన్నాను. గొంతు పెద్దదయింది. అందరూ నా వైపు చూశారు. నేను ఆగలేదు. "ఆవిడ చూరు కిందే నిలబడి ప్రాణం మీదకి తెచ్చుకున్నారు. ఇప్పుడు ఆ ఇంట్లోనే వాన కురవాలా?"

"శాంతించమ్మా. నేను వద్దనట్లేదు, ఆచారం చెప్పాను" అన్నారాయన. పాపం ఆయన కళ్ళలో కూడా నీళ్ళున్నాయి. ఎవరో టార్ప్ వేయిస్తే చాలన్నారు. ఇంకెవరో, చావు జరిగిన ఇంట్లో సుత్తి చప్పుడేమిటి, జనం ఏమనుకుంటారన్నారు.

మాధవి లేచి నిలబడింది. "పిన్నీ, అమ్మ టార్ప్ వేసి వదలనిస్తుందా? షీ వుడ్ హేట్ ఇట్. పైన చెక్కలకి హోల్స్ ఉంది. అమ్మ అంత హార్డ్ వర్క్ చేసి మార్క్ చేసింది."

అప్పుడు బావగారు పెదవి విప్పారు. "వాళ్ళు ఆవిడ పిలిస్తే వచ్చారయ్యా" అన్నారు, ఎవరినీ చూడకుండా. "ఆవిడ పని అది. చేసుకోనివ్వండి."

శాస్త్రిగారు పటం ముందున్న దీపం వంక చాలాసేపు చూశారు. "కర్మ అయ్యేదాకా ఈ దీపం ఆరకూడదు. అది అన్నిటికన్నా ముందు" అన్నారు నెమ్మదిగా. "పైన నీళ్ళు దిగే ఇంట్లో దీపం నిలవదు. దీపం కోసం మేకు కొడితే దోషం లేదు. ఉంటే నాకు చుట్టుకోనివ్వండి." అని తనే లేచి, ఉత్తరీయంతోనే వాకిట్లోకి వెళ్ళి, రే చెయ్యి పట్టుకుని, "ప్లీజ్ కంటిన్యూ" అన్నారు. ఆ ఒక్క పనికి నేను ఆయనకు జన్మంతా నమస్కరిస్తాను.

ఆ రోజంతా, మర్నాడంతా మా నెత్తి మీద సుత్తి దెబ్బలు పడుతూనే ఉన్నాయి. దహనానికి వెళ్ళే వేళకు పనివాళ్ళు ఆపి, నిచ్చెన పక్కన వరసగా నిలబడ్డారు. మేం తిరిగి వచ్చి స్నానాలు చేశాక మళ్ళీ మొదలుపెట్టారు. నాకు ఆ చప్పుడు బాధ అనిపించలేదు. ఆగినప్పుడే బాధగా ఉండేది. ఆవిడ ఏరి కోరి తెప్పించిన బూడిదరంగు పలకలు రెండోరోజు చీకటి పడేలోపు శిఖరం దాకా చేరాయి. రే మిగిలిన మేకులు డబ్బాలోకి ఎత్తుకుని, రాలినవాటి కోసం పెరడంతా అయస్కాంతం లాగి ఊడ్చి, బావగారికి చెప్పి వెళ్ళిపోయాడు.

తెల్లవారేసరికి వాన వచ్చింది. ఈ ప్రాంతంలో అక్టోబరులో అంత వాన నేను చూడలేదు. గాలికి కిటికీలు దడదడలాడాయి. గాలి కొంచెం తగ్గాక బావగారు నా దగ్గరకు వచ్చారు. "అమ్మాయ్, మీ అక్కయ్య అయితే ఇప్పుడు పైకి వెళ్ళి చూసేది" అన్నారు. ఆయన నిచ్చెన పట్టుకున్నారు. నేను టార్చిలైటు తీసుకుని అటకలోకి ఎక్కాను.

లోపల కొత్త చెక్క వాసన. ఆవిడ నేర్పినట్టే పొగగొట్టం పక్కనుంచి మొదలుపెట్టి చూరు దాకా అరచేత్తో తడుముకుంటూ వెళ్ళాను. పైన వాన పడుతూనే ఉంది. ఎక్కడా చెమ్మ లేదు. అడ్డగీత కొట్టిన చెక్కలు ఒక్కటి కూడా లేవు, వాటి చోట తెల్లటి కొత్త చెక్కలున్నాయి. మిగిలిన పాత చెక్కలన్నిటి మీద, ఎక్కడ వెలుగు వేస్తే అక్కడ, ఆవిడ పెట్టిన సుద్ద చుక్కలు ఉన్నాయి. ఆయాసపడుతూ పెట్టిన చుక్కలు. కొన్ని వంకరపోయాయి. వాటిని చెరపకుండా పక్కగా పాకుతూ వెనక్కి వచ్చాను. అక్కయ్యా అని పిలవాలనిపించింది. పిలిచాను కూడా.

కింద బావగారు ఇంకా నిచ్చెన పట్టుకునే ఉన్నారు. "ఎలా ఉంది?" అన్నారు.

"పొడిగా ఉంది బావగారూ. అంతా పొడిగా ఉంది."

ఆయన నిచ్చెన మెట్టు మీద తల ఆనించి ఏడ్చారు. ఆవిడ పోయాక ఆయన ఏడవడం అదే మొదలు.

కామేశ్వరక్కయ్యా, మీకు శ్రద్ధాంజలి ఘటించడానికి నాకు వచ్చిన సంస్కృతం చాలదు. విశేషణాలు తగ్గించమన్నారు కదా, తగ్గించాను. మొన్న రాజ్యం ఇంట్లో పుట్టినరోజుకు వెళితే, కారు దిగిన ఆడవాళ్ళందరూ గుమ్మం తొక్కకుండా ఆగి, ఎవరూ ఎవరికీ చెప్పకుండానే చూరు వంక చూశారు. చూసి, ఏం చూశామో ఎవరిని అడగాలో తెలియక, లోపలికి వెళ్ళిపోయారు. మా మేపుల్ కొమ్మ ఈ ఏడు కూడా ఎర్రబడింది, గాలికి కప్పును రాస్తూనే ఉంది. నేను వాకిట్లో నిలబడి చాలాసేపు దాని వంక చూశాను. కొట్టించమనేవాళ్ళు ఎవరూ లేరు.